కుడి హెడ్‌లైట్

బయట మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. ఆ అపార్ట్‌మెంటు కింద రెండో సెల్లారులో మాత్రం ఏ వేళకైనా చీకటే. తడిసిన సిమెంటు వాసన, అరిగిన టైర్ల వాసన కలిసి గొంతులో పేరుకుంటాయి. ఎక్కడో పైపు కారుతోంది. టప్... టప్...

చెల్లెలు కారు బానెట్ ఎత్తి కడ్డీ ఆనించింది. ఫోన్ లైటు వెలిగించి బ్యాటరీ పక్కన నిలబెట్టింది. హెడ్‌లైట్ బల్బు మార్చడం ఆమెకిదే మొదటిసారి.

అది అన్న నడిపే ట్యాక్సీ. రేపు పొద్దున పదింటికి ఫిట్‌నెస్ తనిఖీ. కుడి దీపం వెలగకపోతే బండిని రోడ్డెక్కనివ్వరు. అమ్మా నాన్నా లేని ఆ ఇంట్లో ఆమె కాలేజీ, ఇద్దరి తిండి, ఊరేగింపుల్లో ఆమె ఎత్తిపట్టే అట్టల మీది ఎర్ర రంగు, అన్నీ ఆ నాలుగు చక్రాల మీదే నడుస్తున్నాయి.

అన్న మాత్రం మూడు రోజులుగా కారు దగ్గరికే పోలేదు. జ్వరం అన్నాడు. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది.

"ఆ రోజు తెల్లవారుజామున కునుకు పట్టిందే. స్తంభానికి తగిలాను," అన్నాడు గోడవైపు తిరిగి పడుకుని.

"పంతొమ్మిది గంటలు నడిపిస్తే కునుకు పట్టదా మరి? మనుషుల నెత్తురుతో బళ్లు నడిపించే కంపెనీలు! పోనీ, మెకానిక్‌కి చూపించు."

"వద్దు."

"అయితే నేనే మారుస్తా."

"నీ పుస్తకాల్లో బల్బు మార్చడం కూడా రాశారా, నినాదాలమ్మా?" అన్నాడు. ఆ మాట అన్నప్పుడల్లా నవ్వేవాడు. ఇవాళ నవ్వలేదు.

"మన విముక్తి మన చేతుల్లోనే ఉంది అన్నయ్యా. స్క్రూడ్రైవరు కూడా," అని తాళాలు తీసుకుని దిగొచ్చింది.

హెడ్‌లైట్ వెనక రబ్బరు మూత ఊడదీసింది. మూడు పిన్నుల ప్లగ్గు ఒక పట్టాన రాలేదు. కంపెనీని నాలుగు తిట్లు తిట్టి లాగితే వచ్చింది. తీగ క్లిప్పు నొక్కి పాత బల్బు బయటికి తీసింది. లోపలి సన్నటి తీగ తెగిపోయి ఉంది. స్తంభానికి కొట్టుకున్న దీపానికి ముందు అద్దం మాత్రం పగల్లేదేమిటని ఒక్క క్షణం అనిపించింది. ఆ ఆలోచనని అక్కడే వదిలేసింది. కొత్త బల్బుని చేతి రుమాలుతో పట్టుకుని కూర్చోబెట్టి, క్లిప్పు బిగించి, ప్లగ్గు తగిలించి, మూత పెట్టింది. ఫోన్ లైటు ఆర్పి బానెట్ దించింది.

లోపల కూర్చుని స్విచ్ తిప్పింది.

ఎదురుగా ఇరవై అడుగుల దూరంలో గోడ. దాని మీద రెండు తెల్లటి వెలుగు మచ్చలు పడ్డాయి. "భళా!" అని తనని తానే మెచ్చుకుంది.

అప్పుడు చూసింది. కుడివైపు మచ్చ మధ్యలో సన్నగా, నిలువుగా ఒక నీడ.

స్తంభం నీడలా ఉంది. కానీ కారుకీ గోడకీ మధ్య స్తంభం లేదు. ఏమీ లేదు. అద్దం మీద మరక అయ్యుంటుందని దిగి, రుమాలుతో తుడిచింది. మళ్లీ గోడవైపు చూసింది.

నీడ కొంచెం పెద్దదైంది.

ఇప్పుడు దానికి తల ఉంది. భుజాలున్నాయి. భుజానికి ఆనించుకున్న పొడవాటి కర్ర ఉంది. కర్ర చివర చీపురు పుల్లల్లా విచ్చుకుని ఉంది.

ఆమె ఎడమ దీపం ముందు తన అరచెయ్యి పెట్టింది. గోడ మీద పెద్ద చెయ్యి పడింది. చేతిని దీపానికి దగ్గరగా జరిపింది. గోడ మీది చెయ్యి ఇంకా పెద్దదైంది. చిన్నప్పుడు కరెంటు పోతే కొవ్వొత్తి ముందు అన్న కుందేలునీ లేడినీ ఆడించేవాడు... అదే లెక్క.

నీడ పెద్దదవుతోందంటే...

దగ్గరికొస్తోంది.

పైపు చప్పుడు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో సిమెంటు నేల మీద ఏదో రాచుకుంటున్న చప్పుడు. సర్ర్... సర్ర్... ఒక అడుగు. మళ్లీ సర్ర్...

కారులోకి దూరి స్విచ్ కట్టేసింది. చీకటి. అది ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. చూడగలగడం కంటే ఇదే ఘోరంగా ఉంది. మళ్లీ స్విచ్ తిప్పింది.

ఎడమవైపు తెల్లగా వెలుగు. కుడివైపు గోడంతా నలుపు. దీపానికి ముఖం ఆనించి ఎవరో లోపలికి చూస్తున్నట్టు.

"ఆపెయ్యవే..."

మెట్ల దగ్గర అన్న. కాళ్లకి చెప్పుల్లేవు. గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నయ్యా... ఏమిటది?"

"స్తంభం కాదే." కారువైపు చూడకుండా అన్నాడు. "రోడ్డు ఊడ్చే ఆవిడ. కళ్లు తెరిచేసరికి... ముందుంది. బండి ఆపలేదు నేను."

"బతికుందా?"

"తెలీదు. అద్దంలో వెనక్కి చూశాను... చెయ్యెత్తింది."

"చెయ్యెత్తితే వచ్చేశావా?"

కార్లలో పోయేవాళ్లు రోడ్డు మీది మనుషుల్ని తొక్కుకుంటూ పోతారని ఆమె ఎన్ని మైకుల్లో గొంతు చించుకుంది! ఆ మాటలన్నీ ఇప్పుడు నాలుక మీదికొచ్చాయి. ఎదురుగా ఉన్నది మాత్రం పదేళ్లుగా తనకి జడ వేసి, అన్నం కలిపి పెట్టిన మనిషి.

"పద. ఇప్పుడే పోలీసుల దగ్గరికి పోదాం."

"పోదాం. కానీ రేపు తనిఖీ కానీవే. ఒక్క రోజు. లైసెన్సు పోతే నీ ఫీజు ఎవరు కడతారు?" రెండు చేతులూ జోడించాడు. "నీ కాళ్లు పట్టుకుంటా."

కారు ముందు సర్ర్ మని ఒక్కసారి వినిపించి ఆగింది. ఆమె జవాబు కోసమే ఆగినట్టు.

ఆమె గోడ మీది నలుపునీ, అన్న జోడించిన చేతుల్నీ చూసింది.

"సరే... రేపు చూద్దాం," అంది మెల్లగా.

అనగానే కుడి దీపం ముందు నలుపు తొలగిపోయింది. గోడ మీద మచ్చలేని తెల్లటి వెలుగు. అన్న అక్కడే కూలబడి ఏడ్చాడు. ఆమె దీపాలు ఆర్పి, కారుకి తాళం వేసి, అన్న భుజం పట్టుకుని పైకి తీసుకెళ్లింది. ఆ రాత్రి ఎవరూ ఏమీ తినలేదు. వీధి తలుపుకి రెండు గడియలూ తనే వేసింది. రెండుసార్లు లాగి చూసింది.

పొద్దున ఏడింటికి మెలకువ వచ్చింది. కిటికీలోంచి ఎండ పడుతోంది. మంచం దిగబోయి కాళ్లు వెనక్కి తీసుకుంది.

గచ్చు మీద తడి చీపురు గీతలు. గది తలుపులోంచి చూస్తే, వీధి తలుపు గడియలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. గీతలు ఆ తలుపు దగ్గర మొదలై, వంపులు వంపులుగా, ఒక్క చోటైనా తప్పకుండా హాలంతా ఊడ్చుకుంటూ వచ్చాయి. అన్న గది ముందు ఆగలేదు. తలుపు తీసే ఉంది, అతను నిద్రపోతూనే ఉన్నాడు. గీతలు ఆ గుమ్మం పక్కనుంచి పోయి, నేరుగా ఆమె గదిలోకి, ఆమె మంచం దాకా వచ్చాయి.

అక్కడ, ఆమె పాదం ఆనే చోట, రోడ్డు దుమ్మూ ఎండుటాకులూ ఒద్దికగా పోగుచేసిన చిన్న కుప్ప. కుప్ప మీద ఆడవాళ్ల రబ్బరు చెప్పు ఒకటి. ఎడమ కాలిది.

వేలితో తాకింది. ఇంకా వెచ్చగా ఉంది.