తలుపు వెనక గొడుగు

గొడుగు పోయిన రోజు ఉదయం ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. అత్తగారు పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగేలోపు మూడుసార్లు వీధి గుమ్మం దాకా వెళ్లి వచ్చింది. కళ్లద్దాల దుకాణంలో పనిచేసే కోడలు భోజనం డబ్బా సర్దుకుంటూ ఆ తిరుగుడంతా ఓరకంట చూసింది గానీ, ఎందుకని అడగలేదు.

"వెళ్లొస్తానత్తయ్యా."

"ఊఁ."

మనిషి పోయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో మాటలు అంతే. పోయినవాడు ఒకరికి కొడుకు, ఒకరికి భర్త. అతని పేరెత్తితే ఎవరు ముందు ఏడవాలో తేలక ఇద్దరూ నోరు కుట్టేసుకున్నారు.

అతని నల్ల గొడుగు తలుపు వెనక మేకుకు వేలాడుతూనే ఉంది. పిడి చీలితే అతనే నీలం టేపు చుట్టాడు. ముందురోజు సాయంత్రం కోడలు తన అన్నయ్యతో ఫోన్లో అంటున్న మాట అత్తగారి చెవిన పడింది. "నువ్వు రమ్మంటున్నావుగా అన్నయ్యా, పై నెల వచ్చేస్తానేమో. ఇక్కడ ఊపిరాడటం లేదు. ఖాయం చేసుకుని చెబుతా."

అప్పట్నుంచి ఆవిడది కాలుకాలిన పిల్లి తీరే. ఆ ఉదయం తోటకని ఇల్లు దాటబోతూ ఏమనుకుందో, ఆగి, గొడుగు మేకు మీంచి తీసి చంకలో పెట్టుకుంది.

ఊరి చివరి బొటానికల్ గార్డెన్‌లో ఆవిడ వాలంటీరు. జీతం లేదు. ఒక ఆకుపచ్చ కోటూ, దాని మీద పెట్టుకునే బిళ్లా ఇచ్చారు. కౌంటరులో నిలబడి, వచ్చినవాళ్లకు మ్యాపు ఇచ్చి, గాజు ఇల్లు ఎటో, తామర కొలను ఎటో, మంచినీళ్లెక్కడో చెప్పాలి. ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసిన గొంతు ఆవిడది. "ఎడమకు తిరగమ్మా, మెట్లు తడిగా ఉంటాయి, జాగ్రత్త" అంటే, సొంత మేనత్త చెప్పినట్టుండేది.

మధ్యాహ్నం ఉన్నట్టుండి కుండపోతగా వాన. జనమంతా కౌంటరు పంచన చేరారు. వానొస్తే అరువిచ్చేందుకు తోటవాళ్ల ఆకుపచ్చ గొడుగులు అక్కడే ఉంటాయి. వెళ్లేటప్పుడు ఏ గేటు దగ్గరి తొట్టిలోనైనా పెట్టి పోవచ్చు. చూస్తుండగానే అవన్నీ అయిపోయాయి. చివరికి చంటిబిడ్డను గుండెకు అదుముకుని ఒకమ్మాయి మిగిలింది.

"బస్సు వెళ్లిపోతుందండీ" అంది.

అత్తగారి చేయి కౌంటరు కిందికి పోయింది. నల్ల గొడుగు అందిస్తూ, నోటికి అలవాటైన మాటే అనేసింది. "గేటు దగ్గర తొట్టిలో పెట్టి వెళ్లమ్మా."

ఆ అమ్మాయి వానలో కలిసిపోయాక గానీ తానేమందో ఆవిడకు తెలిసిరాలేదు. తొట్టిలో పెడితే అది తోట గొడుగే. ఎవరైనా తీసుకుపోవచ్చు. సాయంత్రం గేట్లన్నీ తిరిగింది. అన్ని తొట్లలోనూ ఆకుపచ్చవే.

రోజూ కోడలు లోపలికొచ్చి తలుపు వేశాక, గొడుగు చెక్కకు తగిలి ఒకసారి టక్కుమనేది. కోడలుపిల్ల పిడిని తడుముతోందని వంటింట్లో ఉన్న ఆవిడకు తెలుసు. తెలియనట్టే ఉండేది. ఆ సాయంత్రం తలుపు మూసుకుంది. టక్కుమనలేదు.

"గొడుగేదత్తయ్యా?"

"తోటకు తీసుకెళ్లాను."

"తెచ్చారా మరి?"

"ఇచ్చేశాను. ఒకమ్మాయి, చంటిబిడ్డతో ఉంది."

"ఎవరా అమ్మాయి?"

"తెలీదు."

కోడలు భుజాన సంచి దించకుండా అలాగే నిలబడింది. "పాడవుతుందని నేను దాన్ని ఒక్కసారైనా వానలోకి తీయలేదు. మీరు ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతిలో పెట్టారు."

"వాన పడుతోందమ్మాయీ."

"అవును లెండి. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత. అక్కడ ఎవరొచ్చినా అమ్మా అంటారు, జాగ్రత్త అంటారు. నాతో 'ఊఁ' తప్ప ఇంకో అక్షరం లేదు. నేనూ ఓ టికెట్ కొనుక్కుని వస్తే మాట్లాడతారా?"

"పోయేదానివి, నీకా గొడుగెందుకు?"

ఆ మాట ఎలా వచ్చిందో ఆవిడకే తెలియదు. కోడలి మొహం పాలిపోయింది. మర్నాటి నుంచి "వెళ్లొస్తానత్తయ్యా" కూడా లేదు.

ఆవిడ తన వంతు కాని రోజుల్లో కూడా తోటకు పోయింది. తుడిచిన కౌంటరే మళ్లీ తుడిచేది. ఓ గేటు నుంచి ఇంకో గేటుకు నడిచేది. తోటి వాలంటీరు, రిటైరైన బస్సు కండక్టరు, చూసి చూసి అన్నాడు. "అమ్మా, తొట్టిలోకి అలా తొంగిచూడకండి. అందులో ఏదో అరుదైన మొక్కుందని జనం ఫొటోలు తీస్తారు." ఆవిడకు నవ్వు రాలేదు.

ఆదివారం రద్దీగా ఉంది. ఆవిడ తల వంచుకుని మ్యాపులు మడతపెడుతోంది. కౌంటరు మీదికి ఒక టికెట్ జరిగింది.

"నమస్కారమండీ, ఎటు వెళ్లాలి?"

"మా అత్తగారితో మాట్లాడాలండీ. ఎటు వెళ్లమంటారు?"

ఎడమకు చూపించబోయిన చేయి సగంలో ఆగిపోయింది. ఎదురుగా కోడలు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. కండక్టరు ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"టికెట్ తీసుకున్నవాళ్లను నిలబెట్టకూడదమ్మా. వెళ్లండి, నేను చూసుకుంటా. రైట్, రైట్."

కొలను గట్టు మీద బల్ల పొద్దుటి వానకు ఇంకా తడిగా ఉంది. అలాగే కూర్చున్నారు.

"ఫోన్లో విన్నారు కదూ?" అంది కోడలు.

"విన్నాను."

"నన్ను అడగొచ్చుగా."

"అడిగితే అవునంటావని." ఆవిడ కోటు గుండీ తిప్పుతూ కూర్చుంది. "వెళ్తూ వెళ్తూ ఆ గొడుగు పట్టుకుపోతావని భయమేసింది. ఇక్కడ దాచేద్దామనే తెచ్చాను. నువ్వు రోజూ దాన్ని తాకితే టక్కుమంటుంది చూడు, అది వింటే వాడు ఇంటికొచ్చినట్టుండేది. ఆ తర్వాతే నాకు ముద్ద దిగేది."

కోడలు ఆవిడ దగ్గరికి జరిగింది.

"మీకు వినపడాలనే కాస్త గట్టిగా తాకేదాన్ని" అంది.

అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పటిదాకా పట్టి ఉంచిన ఏడుపు ఇక ఆగలేదు. కోడలు ఆవిడ చేయి తీసి తన ఒళ్లో పెట్టుకుంది.

"ఉండమని అడగను, అమ్మాయీ. నీ వయసు పిల్లను అలా అడగకూడదు. పొమ్మన్నానని మాత్రం అనుకోకు."

"సరేనత్తయ్యా." కోడలు కళ్లు తుడుచుకుంది. "ఆ టేపు నీలం ఎందుకో తెలుసా? నల్లది తెమ్మంటే మీ అబ్బాయి అది తెచ్చారు. చివరిదాకా అది నలుపేనని వాదించారు."

"చిన్నప్పుడూ అంతే. ఓడిపోవడం చేతకాదు వాడికి."

ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. నవ్వుతూనే మళ్లీ ఏడ్చారు.

ఇంటికి పోయే ముందు కలిసి గేట్లన్నీ తిరిగి తొట్లు వెతికారు. గొడుగు దొరకలేదు. పై నెల సంగతి ఏమిటో అన్నయ్యకు ఫోన్ చేసి చెప్పాలి. కోడలు ఇంకా చెప్పలేదు.