ఊగని స్టూలు

స్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పే ఆయన సెలవు రోజుల్లో చెక్కపని చేస్తాడు. మేకు కొట్టడు. పాతకాలం పద్ధతిలో కాళ్లకు, పలకకు గాళ్లు తీసి ఒకదాన్లో ఒకటి బిగించడమే ఆయన నియమం. ఇంట్లో స్టూళ్లు, బల్ల, చెప్పుల అర అన్నీ ఆయన చేతి సరుకే. మొదట్లో అన్నీ ఊగేవి. అడిగితే నేల సమంగా లేదనేవాడు, ఆడలేక మద్దెల ఓడన్నట్టు. ఏడాదిగా మాత్రం వీటిలో ఒక్కటీ ఊగడం లేదు. చెయ్యి తిరిగిందని ఇరుగుపొరుగుకు చెప్పుకుని మురిసిపోతున్నాడు.

ఆయన భార్యది వీధి చివర గుండీలు, దారాల కొట్టు. మొగుడి మురిపెం ఖర్చు లేని లాభమని ఆమె లెక్క. అందుకే తనకు తెలిసిన సంగతి బయటపెట్టలేదు. పైగా చెప్పనని కూతురికి మాటిచ్చింది.

ఆ ఉదయం టీ తాగుతుండగా కూతురు గొంతు సవరించుకుంది.

"నాన్నా, ఫర్నిచర్ వర్క్‌షాపాయన పనిలో చేర్చుకుంటానన్నాడు. ఇవాళ ఏదో ఒకటి చెప్పెయ్యాలి."

"చెప్పెయ్. రానని."

"ఎందుకు?"

"కాలేజీలో సీటు పెట్టుకుని రంపం పడతావా? సరదా వేరు, బతుకుతెరువు వేరు తల్లీ."

భార్య కప్పు కింద పెట్టింది. "కోట కట్టింది రాజా, మేస్త్రీనా అని క్లాసులో పిల్లల్ని నిలదీసేది మీరేగా?"

"అది పాఠం. ఇది ఇల్లు."

"ఒకే సరుక్కి రెండు ధరలు చెప్తే నా కొట్టుకు మళ్లీ ఎవడూ రాడండీ."

ఆయన గొంతు పెరిగింది. "పదేళ్లు చెక్క తగలేస్తే గానీ నాకు స్టూలు కుదర్లేదు! దీనికి పని వచ్చనడానికి ఆధారమేది? ఆధారం లేకుండా నేనేదీ నమ్మను."

కూతురు తల దించుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తల్లికి ఇక ఓపిక చాలలేదు. మాట తప్పకూడదు, పిల్ల నష్టపోకూడదు. రెండూ నిలిచే దారి ఒక్కటే కనిపించింది.

"మీరు కూర్చున్నదాన్ని ఓసారి తిరగేసి చూడండి."

విసుక్కుంటూనే లేచి తిరగేశాడు. కాలు పలకలోకి దిగేచోట వేలితో తడిమాడు. కళ్లజోడు తెచ్చుకున్నాడు.

"నేను కుడిచేత్తో చెక్కుతాను. ఈ ఉలి గీతలన్నీ ఎదురు దిక్కుకు వాలాయేంటి?"

రెండో స్టూలు తిరగేశాడు. మూడోది. చెప్పులన్నీ నేలమీద పోసి అరను బోర్లించాడు. చివరికి బల్లకిందకు దూరాడు. అక్కడా గీతలు అదే వైపు వాలాయి. ఆ ఇంట్లో ఎడమచేతివాటం ఒక్కరిదే.

"ఎప్పట్నుంచి?" బల్ల కిందనుంచే అడిగాడు.

"అత్త కూర్చోగానే స్టూలు ఒరిగి పడబోయింది చూడు, అప్పట్నుంచి. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు గానీ నీ మొహం చూడలేకపోయా నాన్నా. నువ్వు స్కూలుకెళ్లాక విప్పి, గాళ్లు సరిచేసి, మళ్లీ బిగించేదాన్ని."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"ఎంత సంతోషపడ్డావో నీకు తెలీదు."

ఆయన బయటికొచ్చాడు. జుట్టునిండా బూజు. కళ్లు ఎర్రబడ్డాయి. కూతురి ఎడమచేతిని తన చేతుల్లోకి తీసుకుని, అరచేతిలో గట్టిపడ్డ చోటును బొటనవేలితో నిమిరాడు.

"ఊరంతా నా గొప్ప చెప్పుకు తిరిగాను. ఇంతకీ ఇంట్లో నా పనంటూ ఏమైనా మిగిలిందా?"

"బాల్కనీలో పూలకుండీల బల్ల నీదే."

"అది ఊగుతుందిగా!"

"అందుకే చెప్తున్నా" అంటూ పిల్ల ఏడుస్తూనే నవ్వేసింది. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు ఆగలేదు.

ఆయన ముక్కు తుడుచుకున్నాడు. "సరే, వస్తానని చెప్పు ఆయనకు. సెలవు రోజుల్లో ఇంకొకర్ని కూడా చేర్చుకుంటాడేమో అడుగు."

"ఎవర్ని?"

"కాస్త వయసు మళ్లినవాణ్ణి. గాడి తీయడం మొదట్నుంచి నేర్పాలని చెప్పు."