మామగారి అరచెయ్యి

ఆ ఇంట్లో సెలవురోజు తెల్లారడమంటే అత్తగారి కేకతో తెల్లారడమే.

"పెరట్లోకి ఎవరూ దిగకండి! జారిపడ్డారంటే నాలాగే మంచమెక్కుతారు!"

పది రోజుల క్రితం పెరటి మెట్ల మీద పట్టిన పాచికి కాలు జారి ఆవిడ చతికిలబడింది. ఎముక విరగలేదు గానీ నడుము పట్టేసింది. ఆనాటి నుంచి వంటింటి గుమ్మంలో కుర్చీ వేసుకుని, పాచిని ఆగర్భ శత్రువును చూసినట్టు చూస్తూ కూర్చుంటోంది. కోడలు చీపురుతో తోమింది, కొడుకు బ్లీచింగ్ పౌడర్ చల్లాడు. పాచి మాత్రం వీళ్ళ శ్రమ చూసి జాలిపడి నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి, ఐదో రోజుకు మళ్ళీ పచ్చగా నవ్వింది.

"ప్రెషర్ వాషర్ కొనేద్దాం. ఆ నీళ్ళ ధార జోరుకు ఇది అరగంట పని" అన్నాడు కొడుకు కాఫీ తాగుతూ.

పేపరు చాటు నుంచి మామగారి ముఖం చటుక్కున బయటికి వచ్చింది. ఆయన ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు డిపోలో, బస్సులు కడిగే సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాడు. అక్కడ ఆయన్ని వరుణదేవుడని పిలిచేవారు. ఇంటికొచ్చాక ఆ దేవుడికి పనిలేకుండా పోయింది. బరువెత్తబోతే కొడుకు "మీరు కూర్చోండి నాన్నా" అనేవాడు, బట్టలు ఆరేయబోతే కోడలు "నేను చేస్తాగా మావయ్యగారూ" అనేది. పాపం ఇద్దరిదీ ప్రేమే. కానీ పెళ్ళీడు వాళ్ళెవరూ లేని ఇంట్లో పెళ్ళి ప్రకటనలు కూడా వదలకుండా చదివే స్థితికి వచ్చాడాయన.

"మిషన్ నేను చూసి కొంటాను. కడగడం కూడా నేనే" అన్నాడు. ఆ గొంతులో అంత హుషారు విని చాలాకాలమైందని కోడలికి అనిపించింది. ఆమె కళ్ళతోనే భర్తకు సైగ చేసింది, అడ్డు చెప్పొద్దని.

ఆ పూటే ముగ్గురూ షాపుకు వెళ్ళారు. షాపతను మంచి మాటకారి. పెట్రోలుతో నడిచే మిషన్ ముందు నిలబడి, "ఇది ఏనుగులాంటిది సార్, పదేళ్ళ మురికైనా పరార్" అన్నాడు. కొడుకు అప్పుడే జేబులో చెయ్యి పెట్టాడు.

"ఏనుగును కట్టెయ్యడానికి మాకు చోటెక్కడిది బాబూ?" అన్నాడు మామగారు. "పెరటికి మూడువైపులా గోడలు. దీని పొగంతా మా వంటింట్లోకే. మా ఆవిడ మిషన్‌నీ నన్నూ కలిపి వీధిలో పెడుతుంది. కరెంటుది చూపించు."

"అయితే ఇది తీసుకోండి. నూట ఎనభై బార్ ప్రెషర్!"

"మాకు ఉన్నవి నాలుగు మెట్లు, కాస్త గచ్చు, ఒక కారు. నూట ఇరవై చాలు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ఎక్కువ ఊపున్నది కొడితే పాచితో పాటు సిమెంటు కూడా లేచొస్తుంది."

ఆ తర్వాత ఆయన చిన్న మిషన్‌ను ఎత్తి బరువు చూశాడు. పైపు పొడవు అడుగులతో కొలిచాడు. నీళ్ళు చిమ్మే గన్‌కు ట్రిగ్గర్ నొక్కుడు పడకుండా లాక్ ఉందా, నాజిళ్ళు ఎన్నిస్తారు, పాడైతే బాగుచేసేవాడు దగ్గర్లో ఉన్నాడా, అన్నీ అడిగాడు. షాపతను "సార్" నుంచి "పెద్దాయనా"లోకి, అక్కడి నుంచి "మీకు తెలియందేముంది"లోకి దిగాడు. కోడలికి గర్వంగా అనిపించింది.

అట్టపెట్టె మీద ఒక చిన్న బొమ్మ ఉంది. నీటి ధార, దాని ముందు ఒక చెయ్యి, ఆ చెయ్యి మీద ఎర్రటి అడ్డగీత. అది చూడగానే ఆమె పెట్టెను తనవైపు తిప్పుకుంది. ఆమె ఆపరేషన్ల వార్డులో నర్సు. ఆ బొమ్మలో చెయ్యిలాంటి చెయ్యిని అక్కడ చూసింది.

"మావయ్యగారూ, ఈ బొమ్మ చూశారా? మా వార్డులో ఒకసారి..."

"తాతకు దగ్గులు నేర్పుతావా అమ్మాయ్?" అని ఆయన హాయిగా నవ్వాడు. ఆమె కూడా నవ్వి ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకు అలవాటే. కాపురానికొచ్చిన మొదటి వారంలో భోజనాల దగ్గర ఎవరికో కుట్లు విప్పిన వైనం చెప్పబోతే అత్తగారు కంచం ముందు నుంచి లేచిపోయింది. ఆసుపత్రి కబుర్లు చెప్పులతో పాటు గుమ్మం బయటే విప్పి రావాలని ఆ రోజే చట్టమైంది. నాలుగేళ్ళుగా కోడలు ఆ చట్టం మీరలేదు.

మధ్యాహ్నానికి పెరడు సిద్ధమైంది. మామగారు రబ్బరు బూట్లు తొడుక్కున్నాడు, కళ్ళకు అద్దాలు పెట్టుకున్నాడు. కొడుకు జంక్షన్ బాక్స్ తెస్తే కసిరాడు.

"తడి నేల మీద జంక్షన్ బాక్సా! నన్ను పైకి పంపించేద్దామనా? గోడకున్న ప్లగ్గులో పెట్టు. ముందు ఆ కరెంటు లీకైతే ఆగిపోయే స్విచ్ నొక్కి చూడు, పనిచేస్తోందో లేదో."

కిటికీలు మూయించాడు. భార్యను కుర్చీతో సహా లోపలికి జరిపించాడు. కొళాయి తిప్పి, మోటారు వెయ్యకముందే ట్రిగ్గర్ నొక్కి, పైపులో గాలి పోయేదాకా నీళ్ళు వదిలాడు. అంతా పద్ధతి ప్రకారమే జరుగుతోందని తేలికపడి కొడుకు మేడమీదికి వెళ్ళాడు, కోడలు పొయ్యి మీది కూర కలపడానికి వెళ్ళింది. మెట్ల సందుల్లోని పాచి మొండిదని మామగారు సన్న ధార వచ్చే నాజిల్ బిగించి, మోటారు వేశాడు.

డిపోలో ఒక అలవాటు ఉండేది. బస్సు మీద నీళ్ళు కొట్టేముందు ధారను ఎడమ అరచేతి మీద పడనిచ్చి, ఊపు సరిపోయిందో లేదో చూసుకునేవారు. అక్కడి లావాటి పైపుల్లో నీళ్ళు ఎంత జోరుగా వచ్చినా చేతికి చక్కిలిగిలి పెట్టినట్టుండేది, అంతే. రోజుకు నలభై బస్సులు, ముప్ఫై ఒక్క ఏళ్ళు. ఆయన ఆలోచించలేదు. కుడిచేత్తో గన్ ఎత్తాడు, నాజిల్ ముందుకు ఎడమ అరచెయ్యి చాచాడు.

వంటింటి గుమ్మంలోంచి కోడలు అది చూసింది. "మావయ్యా!" అని అరిచింది. మోటారు హోరులో ఆయనకు వినిపించలేదు. ఆయన వేలు ట్రిగ్గర్ మీదికి పోతోంది. ఆమె నాలుగు మెట్లూ ఒక్క దూకులో దాటి, చేతిలో ఉన్న గరిటెతో ఆయన ఎడమ మణికట్టు మీద ఒక్కటిచ్చింది.

గన్ కింద పడింది. కోడలు ప్లగ్గు పీకేసరికి పెరడంతా నిశ్శబ్దమైపోయింది. మామగారి మణికట్టు మీద కూర రసం, దాని కింద ఎర్రటి చార. గోడ అవతల పక్కింటావిడ తెరిచిన నోరు మూయడం మరిచిపోయింది.

మేడమీది నుంచి కొడుకు పరుగెత్తుకొచ్చాడు. పై కిటికీ అద్దంలోంచి వాడికి కనిపించింది ఆ దెబ్బ ఒక్కటే.

"నీకేమైనా మతిపోయిందా? నాన్నను కొడతావా?"

"నలభై ఏళ్ళ కాపురంలో నేనే ఆయన మీద చెయ్యెత్తలేదు!" అంది అత్తగారు నడుము పట్టుకుని లేస్తూ. "ఎత్తాలనిపించిన రోజులు బోలెడున్నాయి, అయినా ఎత్తలేదు. నిన్నగాక మొన్న వచ్చినదానివి, గరిటెతోనా?"

కోడలు ఆయన అరచెయ్యి తిప్పి చూడబోయింది. మామగారు మాత్రం కోప్పడలేదు. కళ్ళద్దాలు తీసి, వంగి, పైపు చుట్టలు చుట్టడం మొదలుపెట్టాడు.

"ఊరుకోండి, తప్పు నాదే" అన్నాడు నెమ్మదిగా. "నేను పని చెయ్యడం మీకు ఇష్టంలేదు. ఆ మాట చెబితే సరిపోయేదమ్మా. పొయ్యి ముట్టుకోబోయిన చంటిపిల్లాణ్ణి కొట్టినట్టు కొట్టక్కర్లేదు."

నాలుగేళ్ళలో ఆయన తనను పల్లెత్తు మాట అనలేదు. ఈ మాటతో ఆయన మళ్ళీ ఆ పేపరు చాటుకే వెళ్ళిపోతాడనీ, ఇక బయటికి రాడనీ కోడలికి తెలిసిపోయింది. అది ఆమె తట్టుకోలేకపోయింది.

"మా వార్డుకు ఒక మెకానిక్ వచ్చాడు మావయ్యగారూ" అంది ఏడుపు గొంతుతో. "ఇలాంటి మిషనే. అరచేతిలో చీమ కుట్టినంత చుక్క. నొప్పి లేదు, రక్తం లేదు, కట్టు కట్టి పంపించేయమని నవ్వుతూ అడిగాడు. ఆ ధార చర్మాన్ని సూదిలా పొడిచి, నీళ్ళూ మురికీ లోపల వేళ్ళ దాకా కొట్టేసింది. మర్నాటికి చెయ్యి కుండలా వాచింది. రెండు వేళ్ళు తీసేశారు. ఆ కట్లు నేనే మార్చాను, పదిహేను రోజులు. చివరి రోజున అతను షర్టు బొత్తాం పెట్టుకోలేక నా ముందు ఏడ్చాడు."

కొడుకు కోపం సగానికి దిగింది. "ఈ సంగతి ముందే చెప్పొచ్చుగా?"

"ఎక్కడ చెప్పమంటారు?" అని కోడలు కస్సుమంది. "ఈ ఇంట్లో చెప్పనిస్తేగా! షాపులో నోరు తెరిస్తే తాతకు దగ్గులన్నారు. భోజనాల దగ్గర తెరిస్తే అత్తయ్య లేచిపోతారు. నాకు తెలిసినవన్నీ మింగి మింగి, ఆఖరికి గరిటెతో చెప్పాల్సొచ్చింది!"

మామగారు చుడుతున్న పైపు వదిలేశాడు. వంటింట్లోకి వెళ్ళి ఒక పెద్ద బంగాళదుంప తెచ్చి కింది మెట్టు మీద పెట్టాడు. అందరినీ వెనక్కి వెళ్ళమన్నాడు. ప్లగ్గు మళ్ళీ పెట్టించి, అద్దాలు పెట్టుకుని, రెండు చేతులతో గన్ పట్టుకుని, జానెడు దూరం నుంచి ఒక్క క్షణం ట్రిగ్గర్ నొక్కాడు.

దుంప ఎగిరి గోడ పక్కన పడింది. కొడుకు తెచ్చి చూపించాడు. ఇటు వైపు పెసరగింజంత రంధ్రం. అటు వైపు తిప్పితే అక్కడా రంధ్రమే, కొంచెం పెద్దది.

మామగారు దుంపను ఒక చేత్తో పట్టుకుని, రెండో అరచేతిని చాలాసేపు చూసుకున్నాడు. అత్తగారు ఆ దుంపను ముట్టుకోను కూడా లేదు. కోడలి దగ్గరికి కుంటుకుంటూ వచ్చి, "గరిటె సరిపోలేదే, అట్లకాడతో ఇవ్వాల్సింది" అని ఆమెను గట్టిగా పట్టుకుంది. "ఇంకేమేం మింగావో అన్నీ కక్కెయ్. నా కంచం సంగతి నేను చూసుకుంటా."

ఆ తర్వాత పని సవ్యంగా సాగింది. మామగారు సన్న నాజిల్ తీసేసి, విసనకర్రలా విచ్చుకునే ధారది పెట్టాడు. మూరెడు దూరం నుంచి మొదలుపెట్టి, మెల్లగా దగ్గరికి వస్తూ కడిగాడు. పచ్చటి మెట్లు ఒక్కొక్కటిగా తెల్లబడుతుంటే పక్కింటావిడ గోడ మీంచే, "మా వాకిలికి ఎప్పుడొస్తారన్నయ్యా?" అని అడిగేసింది. ఆయన ఉబ్బితబ్బిబ్బయ్యాడు. పని ముగిశాక మోటారు ఆపి, కొళాయి కట్టేసి, పైపులో మిగిలిన ఊపంతా పోయేదాకా ట్రిగ్గర్ నొక్కి, అప్పుడుగానీ ప్లగ్గు పీకలేదు.

సాయంత్రం ఆరిన మెట్ల మీద ఆయన కూర్చుంటే, కోడలు మందు తెచ్చి పక్కన కూర్చుంది. మణికట్టు మీద చార కమిలి నల్లబడుతోంది. అది చూసి ఆమె కళ్ళు మళ్ళీ నిండాయి.

"ముప్ఫై ఒక్క ఏళ్ళమ్మా" అన్నాడాయన ఉన్నట్టుండి. "బస్సు అద్దం మీద గీత పడితే అరిచేవారు. రంగు పోతే అరిచేవారు. పైపు తెగితే రోజంతా అరిచేవారు. ఈ చెయ్యి ఏమైపోతుందోనని ఇన్నాళ్ళలో ఒక్కళ్ళు అరవలేదు."

ఆమె తలెత్తి చూసింది. ఆయన మణికట్టు మీది చారనే చూసుకుంటున్నాడు.

"నొప్పిగా ఉందా మావయ్యగారూ?"

"ఉంది తల్లీ. రెండ్రోజులు ఉండనీ" అని ఆయన మందు పక్కకు జరిపి, ఆ చేత్తోనే కోడలి తల నిమిరాడు.