సన్‌షేడ్ తాగిన నీళ్లు

చెట్టంత మనిషి సన్‌షేడ్ కింద నలిగిపోయాడు. నోట్లో ముద్ద నోట్లోనే ఉంది. కింద ఆసరాగా కట్టిన సెంట్రింగ్ చెక్కలు విప్పిన పూటే, నీడుంది కదా అని దాని కింద అన్నానికి కూర్చున్నాడు పాపం, పారపని కూలీ.

ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి కాంట్రాక్టరు మేస్త్రీ కాలరు పట్టుకుని ఊపేస్తున్నాడు.

"సిమెంటు అమ్ముకున్నాడు సార్! లోపలెయ్యండి!"

"అమ్ముకుంటే నా చేతులు పడిపోను! పోయినోడు నా బావ సార్. చెల్లెలి కొంప నేనే కూల్చుకుంటానా?"

ఇన్‌స్పెక్టర్ విరిగిన ముక్కను గోరుతో గీశాడు. పిండిలా రాలింది. పక్కనున్న రెండు సన్‌షేడ్‌లనూ గీశాడు. గోరే అరిగింది.

మేస్త్రీని లాకప్‌లో పెట్టక తప్పలేదు.

ల్యాబ్ రిపోర్టు వచ్చింది. సిమెంటు సరిపడా ఉంది! మరి దొంగతనమేది?

మేస్త్రీని జీపులో సైటుకు తెచ్చాడు. కాంట్రాక్టరూ వచ్చాడు. మేస్త్రీ చెల్లెలు అక్కడే ఉంది. కొత్త స్తంభాలకు చుట్టిన గోనెలు పైపుతో తడుపుతోంది. మొగుడు పోయాడని ఆకలి ఊరుకుంటుందా?

"అందరం ముక్కల్ని చూశాం, గోడను చూడలేదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఈ ఒక్కదాని కిందే సిమెంటు పాలు కారిన చారలున్నాయి. సిమెంటు, ఇసుక, కంకర కలిపిన మాలులో నీళ్లెక్కువయ్యాయి. సిమెంటు తనకు కావలసినంతే తాగుతుంది. మిగిలిన నీళ్లు ఆరిపోతే చిల్లులే. పైకి రాయి, లోపల జల్లెడ. మాలు కలిపిందెవరు?"

"బావే. నీళ్లు కొలిచిచ్చి నేను పైకెళ్లాను."

"తర్వాత మళ్లీ పోసిందెవరు?"

మేస్త్రీ చెల్లెలి వంక చూశాడు. వెంటనే ముందుకొచ్చాడు.

"నేనే సార్! రాసుకోండి!"

"పైనున్నానన్నావుగా?"

"అబద్ధమెందుకన్నయ్యా?" అంది చెల్లెలు. "నేనే పోశానయ్యా. ఆయనకు భుజం నొప్పి. గట్టి మాలు తిరగెయ్యలేక మూలుగుతుంటే రెండు బిందెలు వంచాను. జావలా అయింది. 'ఇన్నాళ్లకు పెళ్లాం పనికొచ్చింది' అని నవ్వాడు కూడా. తప్పేముంది? సిమెంటు నీళ్లు తాగితేనే గట్టిపడుతుందని చెప్పింది అన్నయ్యే!"

"అది... గట్టిపడ్డాక పెట్టే నీళ్లమ్మా," అన్నాడు మేస్త్రీ. "కలిపేటప్పుడు కాదే తల్లీ."

కానిస్టేబుల్ మేస్త్రీకి బేడీలు విప్పాడు. ఇంకెవరికి వెయ్యాలో తెలియక చేతిలోనే పట్టుకున్నాడు.

ఆమె గోనె మీద పడుతున్న ధారను చూసింది.

"ఇది తాగితే గట్టిపడుతుందా అయ్యా?"

"పడుతుందమ్మా."

"మరి అది?" విరిగిపడ్డ సన్‌షేడ్ ముక్కల వైపు చూపించింది.

ఇన్‌స్పెక్టర్ టోపీ తీశాడు. మళ్లీ పెట్టుకున్నాడు. పైపు కట్టేసేవాళ్లు లేక నీళ్లు కారుతూనే ఉన్నాయి.