వంక పెట్టని మనిషి

1984 ఆగస్టు ఎనిమిదో తేదీ పొద్దున ఆ ఇంట్లో తిన్నది బొంబాయి రవ్వ ఉప్మా. ఆ తేదీ లక్ష్మీనారాయణకు బాగా గుర్తు. పురిటికని తెనాలి నుంచి వచ్చిన కూతురు ఝాన్సీ అంతకుముందు సాయంత్రమే మాచర్లలో రైలు దిగింది. ప్రయాణం బడలికతో రాత్రి గ్లాసెడు మజ్జిగ తాగి పడుకుంది. కాబట్టి పుట్టింటికొచ్చాక తల్లి చేతి తిండి మొదట తిన్నది ఆ ఉప్మాయే.

మొదటి ముద్దకే ఝాన్సీ ఆగిపోయింది.

"అమ్మా, ఉప్పు రెండుసార్లు వేశావా ఏంది?"

"ఒక్కసారే వేశానే. కడుపుతో ఉన్నదాని నాలిక అట్టాగే ఉంటది," అంటూ సామ్రాజ్యం నవ్వింది. "నువ్వు కడుపులో ఉన్నప్పుడు నాకు బెల్లం కూడా చేదే. కావాలంటే మీ నాన్ననడుగు."

"నాన్నా, నిజం చెప్పు. ఇది ఉప్పు కషాయం కాదూ?"

లక్ష్మీనారాయణ భార్య వంక చూశాడు. కూతురొచ్చిందని ఆమె తెల్లారకముందే లేచి, తలకు పోసుకుని, తడి జుట్టు ముడేసుకుని ఉంది. చాన్నాళ్ళకు ఆ ముఖంలో వెలుగు చూశాడు.

"బాగానే ఉందమ్మాయ్," అని మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

ఝాన్సీ తన నాలికే చెడిందేమో అనుకుని, ప్లేటు మెల్లగా పక్కకు జరిపింది.

లక్ష్మీనారాయణ బస్ డిపోలో గుమాస్తా. భోజనం ముందు కూర్చుంటే నోరెత్తడు. అన్నానికి వంక పెట్టేవాడికి అన్నం కరువవుతుందని ఆయన తండ్రి చిన్నప్పుడే నేర్పాడు. పెట్టింది తిని, చెయ్యి కడుక్కుని లేవడమే ఆయనకు తెలిసిన మర్యాద. పెళ్ళైన కొత్తలో సామ్రాజ్యం పక్కనే కూర్చుని, "ఎట్టా ఉందండీ?" అని అడిగేది. "తింటన్నాగా," అనేవాడు. కొన్నాళ్ళకు ఆమె అడగడం మానేసింది.

ఆమెకూ ఒక పట్టింపు ఉంది. పొయ్యి మీది కూరను పొరపాటున కూడా నాలిక మీద వేసుకుని చూడదు. వండేది ముందు రుచి చూస్తే ఇంటిల్లిపాదికీ ఎంగిలి పెట్టినట్టేనని తను కాపరానికొచ్చిన రోజే అత్తగారు చెప్పింది. చూడాల్సిన అవసరమూ ఎప్పుడూ రాలేదు. ఆవిరి ముక్కుకు తగిలితే చాలు, పులుసులో ఏది తక్కువైందో చెప్పేస్తుందని వీధిలో ఆమెకు పేరు. అందరికీ వడ్డించి, మిగిలినదేదో నాలుగు ముద్దలు గబగబా తిని, గిన్నెలు ముందేసుకునేది.

కిందటేడు ఆమెకు విషజ్వరం వచ్చింది. మంచం దిగి మళ్ళీ పొయ్యి ముట్టించిన నాటి నుంచీ ఆ చెయ్యి తప్పింది. ఒకనాడు చారులో చింతపండే లేదు. ఇంకోనాడు పప్పు అడుగంటి నల్లగా ఉంది. మనిషి దక్కింది, అదే పదివేలని లక్ష్మీనారాయణ అనుకున్నాడు. నీరసం తగ్గితే వంట దానంతటదే కుదురుతుందని ఆగాడు. ఇంట్లో ఉన్న పూట మజ్జిగ ఎక్కువ పోసుకుని గడిపేవాడు. డిపోలో మాత్రం క్యారేజీ మూత తీసి, ముద్ద కలపకుండానే మళ్ళీ పెట్టేసేవాడు. పక్కన కూర్చునే ఫిట్టరు హబీబ్ అది చూసి, మాట్లాడకుండా తన డబ్బా మధ్యకు జరిపేవాడు.

సాయంత్రం క్యారేజీ ఇంటికి ఖాళీగా, కడిగి వచ్చేది. సామ్రాజ్యం గిన్నెలు విప్పి, అడుగు చూసుకుని, తృప్తిగా బోర్లించేది. ఆ తృప్తి చూసినప్పుడల్లా తను మంచి పనే చేస్తున్నానని ఆయన అనుకునేవాడు.

ఝాన్సీకి మాత్రం ఆ ఇంట్లో రోజులు ఆకలిగా గడిచాయి. కంచం ముందు కూర్చుని మెతుకులు అటూ ఇటూ జరిపి లేచేది. చాటుగా అరటిపళ్ళు, మరమరాలు తినేది. నెల తిరక్కముందే ఆసుపత్రిలో నర్సమ్మ ఆమెను తూకం వేసి, "పుట్టింటికొచ్చి చిక్కిపోయావేంటమ్మా? కడుపులో బిడ్డ పెరగొద్దా?" అని కోప్పడింది.

ఇంటికొచ్చాక సామ్రాజ్యం సంచి విసురుగా పడేసింది.

"ఆవిడ ముందు నా తల తీసేసినట్టయింది. పొద్దస్తమానం నీకోసమే వండుతున్నా. ఒక్కటి ముట్టవు. మీ అత్త పెట్టే చప్పిడి కూడు మరిగావు, ఇంక మా వంట ఏం దిగుద్ది?"

"మధ్యలో మా అత్తయ్యనెందుకంటావు? నోట్లో పెట్టుకోలేకపోతన్నానమ్మా, ఏం చెయ్యను?"

"మీ నాన్న తింటల్లా? క్యారేజీలో మెతుకు మిగలకుండా వస్తంది. ఆయనకు దిగేది నీకెందుకు దిగదే?"

"అయితే నన్ను తెనాలి పంపించెయ్యి. కాన్పేదో అక్కడే చూసుకుంటా."

"పో. పుట్టింటి కూడు వద్దని తిరిగెళ్ళిందని నలుగురూ చెప్పుకుంటారు. పో."

పక్కగదిలో లక్ష్మీనారాయణ పేపరు చూస్తున్నాడు. ప్రతి మాటా వినపడింది. లేచి రెండు మాటలు చెబితే తగవు అక్కడితో తీరిపోతుందనీ తెలుసు. ఆయన పేపరు మడిచి, చెప్పులేసుకుని, బజారుకెళ్ళిపోయాడు.

మర్నాటి నుంచీ తల్లీ కూతుళ్ళకు మాటల్లేవు. ఝాన్సీ పెట్టె సర్దుకుంది. అల్లుడికి కబురు వెళ్ళింది.

ఆదివారం పొద్దున హబీబ్ భార్య షాహిదా వచ్చింది. పిల్ల వెళ్ళిపోతుందని తెలిసి, జొన్నరొట్టెలు, కాల్చిన వంకాయ పచ్చడి గిన్నెలో పెట్టుకుని తెచ్చింది. ఝాన్సీ వద్దనలేదు. వసారాలో గోడకానుకుని కూర్చుని ఒక రొట్టె తిన్నది, ఇంకోటి తిన్నది, మూడోది చించుతూ తలెత్తితే గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. సామ్రాజ్యం కళ్ళు కూతురి చేతి మీదే ఉన్నాయి.

షాహిదాకు ఆ ఇంటి తగవు తెలియదు. పిల్ల ఆబగా తినడం చూసి మురిసిపోయింది.

"తిను బిడ్డా, తిను. అంతా మీ నాన్న పోలికే. ఈ పచ్చడి పంపిన రోజు మా ఆయనకు మిగల్చడంట!"

"ఆయనెప్పుడు తిన్నాడు నీ పచ్చడి?" అంది సామ్రాజ్యం.

"ఎప్పుడేంది వదినా, రోజూ ఇద్దరిదీ ఒకటే డబ్బా గదా? అన్న కోసమని రెండు రొట్టెలు ఎక్కువే పెడతా నేను. నీకు..." అంటూ సామ్రాజ్యం ముఖం చూసి ఆగిపోయింది. "పొయ్యి మీద పాలున్నాయి, మళ్ళొస్తా," అని కొంగు సర్దుకుని గబగబా మెట్లు దిగింది.

లక్ష్మీనారాయణ లోపల గడ్డం గీసుకుంటున్నాడు. సగం బుగ్గకు సబ్బు నురగతోనే బయటికి రావలసి వచ్చింది.

"మీరు షాహిదా వాళ్ళ డబ్బాలో తింటే, నేను పంపేది ఎవరు తింటన్నారండీ?"

ఆయన భుజం మీది తువ్వాలుతో చెయ్యి తుడుచుకున్నాడు.

"అడిగేది మిమ్మల్నే."

"క్యాంటీను వెనకాల కుడితి తొట్టి ఉంది," అన్నాడు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నీకు జ్వరం తగ్గి లేచిన కాడ్నుంచి."

ఝాన్సీ చేతిలోని రొట్టె గిన్నెలో పడేసింది. "అంటే, ఆ రోజు ఉప్మా? నాన్నా, నా నోరే చెడిపోయిందనుకుని ఏడ్చానే రాత్రుళ్ళు! అమ్మ నన్ను తిడతంటే పేపరు చదువుకుంటా కూర్చున్నావు. నీకసలు..."

"అమ్మ బాధపడుద్దనే..."

"ఉండవే ఝాన్సీ," అంది సామ్రాజ్యం. గొంతు పెంచలేదు. గడప మీద కూలబడింది. "నాలిక చెడింది నీది కాదు, మీ నాన్నదీ కాదు. నాది."

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"ఆ జ్వరంతోటే నాకు వాసన పోయింది. మల్లెపూలు పెట్టుకున్నా తెలీదు, పాలు మాడినా తెలీదు. ఏది నోట్లో పెట్టుకున్నా మట్టి ముద్దే. నాలుగు రోజులాగితే వస్తదిలే అనుకున్నా. రాలా. చెబుదామనుకునే లోపు క్యారేజీ ఖాళీగా వచ్చింది. ఓహో, ముక్కు పోయినా చెయ్యి పోలా అనుకున్నా. రోజూ ఆ గిన్నె అడుగు చూసుకున్నాకే మళ్ళీ ధైర్యంగా పొయ్యి ముట్టించేదాన్ని."

లక్ష్మీనారాయణ బుగ్గ మీద నురగ ఆరిపోయి చర్మం లాగుతోంది.

"ఒక్క మాట అనొచ్చుగదండీ. ఉప్పెక్కువైందే అంటే నేనేమన్నా ఉరేసుకుంటానా?"

"నీ మనసు కష్టపెట్టగూడదని..."

"బాగున్న రోజునా మీది అదే మొహం. బాగాలేని రోజునా అదే మొహం. నేనెట్టా తెలుసుకోవాలి?"

సామ్రాజ్యం కూతురి చెయ్యి పట్టుకుంది. "నిజం చెప్పినదానివి నువ్వు. నిన్నే తిట్టా. పస్తులుండి చిక్కిపోయావు గదే తల్లీ," అంటుంటే ఆమెకు ఏడుపొచ్చింది. ఝాన్సీ పెద్ద పొట్టతో కష్టంగా ముందుకు జరిగి తల్లిని పట్టుకుంది.

తెనాలి ప్రయాణం ఆగిపోయింది. గుంటూరులో డాక్టరు పరీక్ష చేసి, కొందరికి తిరిగొస్తుంది, కొందరికి రాదు, మందులైతే వాడి చూడండి అన్నాడు. ఆ తర్వాత సామ్రాజ్యం వంటింట్లోకి వెళ్ళడం మానేసింది. వసారాలో కూర్చుని కూరలు తరిగి ఇచ్చేది. ఝాన్సీయే నడుం పట్టుకుని వండేది. ఎవరూ ఏమీ అనకపోయినా, వడ్డించిన కంచం సామ్రాజ్యం పరాయింటి మనిషిలా మొహమాటంగా అందుకునేది. అది చూస్తే లక్ష్మీనారాయణ మారు వడ్డించుకోకుండానే లేచేవాడు.

ఒక సాయంత్రం ఆయన డిపో నుంచి వచ్చేసరికి ఝాన్సీ నడుం నొప్పితో పడుకుని ఉంది. సామ్రాజ్యం తరిగిన చుక్కకూర గిన్నె ఒళ్ళో పెట్టుకుని, వంటింటి వైపు చూడకుండా కూర్చుంది. ఆయన కాళ్ళు కడుక్కుని తిన్నగా వంటింట్లోకి వెళ్ళాడు. అన్నేళ్ళ కాపురంలో ఆ పొయ్యి ముందు నిలబడటం అదే మొదలు. కిరసనాయిలు స్టవ్ ఎట్లా వెలిగించాలో తెలియక రెండు అగ్గిపుల్లలు కాల్చుకుని బయటికొచ్చాడు.

"రా. వంట నువ్వు చెయ్యి. నాలిక నేను పెడతా."

"ఏందా మాటలు? పొయ్యి మీదిది ఎంగిలి చేస్తారా? మీ అమ్మ ఊరుకునేదేనా?"

"మా అమ్మకు నేను చెప్పుకుంటాలే. లే."

ఆమె కదల్లేదు. ఆయన చెయ్యి చాచి అలాగే నిలబడ్డాడు. కాసేపటికి కూర గిన్నె ఆ చేతికిచ్చి, మోకాళ్ళ మీద చేతులానించి లేచింది.

చుక్కకూర పప్పు ఉడికి, తాలింపు పడింది. ఆమె గరిటెతో ఆయన అరచేతిలో ఇంత వేసింది. ఊదుకుని నాలిక మీద పెట్టుకున్నాడు.

"ఎట్టా ఉందండీ?"

"బాగా..." అనబోయి ఆగాడు. ఆమె కళ్ళార్పకుండా చూస్తోంది. "ఉప్పు చాల్లేదు. పులుపు పళ్ళు లాగుతంది. కారం ఇంకొంచెం పడాలి."

ఆ మాటలు అనడానికి ఆయనకు చెమట పట్టింది. సామ్రాజ్యం ఉప్పు వేసింది, కారం వేసింది, కలిపి మళ్ళీ అరచేతిలో పెట్టింది. మూడోసారికి ఆయన ముఖం తేటపడింది. "ఇప్పుడు సరిపోయింది. వెల్లుల్లి ముందు తగిలి, పులుపు వెనక నుంచి వస్తంది. కమ్మగా ఉంది సామ్రాజ్యం."

ఆమె కొంగుతో స్టవ్ మీది గిన్నె దించుతూ, "అప్పట్లో ఎట్టా ఉండేది నా వంట?" అంది. అడిగిన తీరు మామూలుగానే ఉంది.

ఆయన పీట మీద కూర్చున్నాడు. "గురజాలలో అద్దెగదిలో ఉన్నప్పుడు ఒక వానపొద్దు కందిపచ్చడి నూరావు, గుర్తుందా? వేడన్నంలో నెయ్యేసుకుని, అన్నం అయిపోయిందాకా లేవలా నేను. ఆ మధ్యాన్నం ఆఫీసులో కూర్చుని, ఎవరూ చూడకుండా వేళ్ళు వాసన చూసుకున్నా."

"మరి ఆ రోజు నాతో అన్లేదే?"

"అనాలని తెలీలా."

సామ్రాజ్యం గరిటెతో పప్పును ఊరికే కలుపుతూ ఉండిపోయింది. "నాకా రోజు పచ్చడి మిగల్లేదు. రోలు కడిగిన నీళ్ళు కలుపుకుని తిన్నా," అంది చివరికి. "మీరు ఒక్క మాట అనుంటే, ఎట్టా ఉందో చూద్దామని నాకూ ఇంత తీసి పెట్టుకునేదాన్ని. ఇప్పుడు నూరినా తెలవదు గదండీ నాకు."

లక్ష్మీనారాయణ తల దించుకున్నాడు. లేచి, కంచం తీసుకుని, అన్నం తనే పెట్టాడు. పప్పు వేసి కలిపి ఆమె ముందు పెట్టాడు. ఆయన తినకముందు ఆమె తినడం కూడా ఆ ఇంట్లో అదే మొదలు.

ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది. ఆయన పక్కనే కూర్చుని, అది ఎట్లా ఉందో మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె నములుతూ వింటోంది. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు జారాయి. ఆయన ఆగితే, "ఊఁ, చెప్పండి," అంది.

తర్వాత ఝాన్సీని లేపి పప్పన్నం పెట్టారు. ఆ పిల్ల నిద్రకళ్ళతోనే మారు వడ్డించుకుని తిని, మళ్ళీ వెళ్ళి పడుకుంది. సామ్రాజ్యం మిగిలిన పప్పు మీద మూత పెట్టింది. లక్ష్మీనారాయణ దీపం ఆర్పి, కూతురికి మెలకువ రాకుండా, వంటింటి తలుపు చప్పుడు కాకుండా దగ్గరకు వేశాడు.