తడి ఆరని చోటు

మూసేసిన లాండ్రీ ముందున్న ఆ నాలుగడుగుల జాగా గురించి మంచిగా చెప్పినవాళ్లు లేరు. ఎండాకాలంలోనూ అక్కడ తడి ఆరదట. మూడేళ్ల కింద తవ్వుతూ ఒకడు కరెంటు షాక్ కొట్టి అక్కడే పోయాడట. ఆ తర్వాత ఎవరు తవ్వబోయినా, ముందురోజు రాత్రి ఓ ఆడమనిషి వచ్చి నిలబడుతుందట...

ఈ 'అట'లు వింటే రాడార్ ఆయనకు ఒళ్లు మండేది. భూమిలో దాగిన పైపులనూ కేబుళ్లనూ తెర మీద చూపించే పెట్టె తన దగ్గరుండగా, ఈ దద్దమ్మల మాటలు వినేదేంటి? పైగా మూడేళ్ల కింద ఆ సందులో పెట్టె తోసిందీ తనే.

సాయంత్రం లాండ్రీ ముందే నిలబడి బావమరిది బతిమాలాడు. "బావా, ఇక్కడ ఒకటికి రెండుసార్లు చూడు. పొద్దున్నే తవ్వే మిషన్ ఎక్కేది నేను."

"వాడికి షాక్ కొట్టిన కేబుల్‌ని అప్పుడే పక్కకు జరిపేశారురా."

"ఎంత పక్కకు?"

"అది చెప్పడానికే నేనున్నది. ఆ చచ్చినవాడు మందు కొట్టి తవ్వుంటాడు. ఇంటికి పోయి పడుకో."

బళ్లు ఆగాక, రాత్రి ఒంటిగంటకు, రాడార్ ఆయన ఒక్కడే పెట్టె తోసుకుంటూ బయల్దేరాడు. తెర మీద నీళ్ల పైపు — విల్లులా వంగిన గీత. గ్యాస్ పైపు — ఇంకో విల్లు. లాండ్రీ ముందుకొచ్చాడు. కాళ్ల కింద చిత్తడి. తెరంతా మసక... ఒక్క గీతా లేదు.

"దెయ్యమట, దెయ్యం!" నవ్వుకుంటూ ఆకుపచ్చ రంగు డబ్బా తీశాడు. ఖాళీ, తవ్వుకోవచ్చు అని గుర్తు వేశాడు.

"మా ఆయన తాగేవాడు కాదు..."

గుసగుసగా, వెనకనుంచి. డబ్బా జారి పడింది. లాండ్రీ మెట్ల మీద... తెల్లగా... ఎవరో.

"భయపడకండి. పైగదిలో ఉంటాను. సాయంత్రం మీ మాటలు విన్నాను." మెట్టు దిగింది. మామూలు మనిషే, భుజాల మీద తెల్ల దుప్పటి. "తడి బంకమట్టిలో మీ పెట్టెకు చూపు ఆనదని విచారణలో చెప్పారు. కనబడకపోతే లేనట్టు కాదట. మీకు తెలీదా?"

తెలుసు. అప్పుడూ తెలుసు. తెర మసకబారిన చోట ఆగి, కరెంటు ఆపించి, చేత్తో గుంట తీయించి చూడాలి. దానికి బద్ధకించి ఖాళీ అని రాసేశాడు. చచ్చినవాడికి తాగుబోతని పేరు పెట్టి ఇన్నాళ్లూ హాయిగా నిద్రపోయాడు.

"రేపు తవ్వేది మీ బావమరిదేగా," అందామె. "ఈసారన్నా సరిగ్గా చూడండి."

అతను తలెత్తలేకపోయాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. ఆకుపచ్చ గుర్తు మీద ఎర్రరంగుతో పెద్ద ఇంటూ కొట్టి, ఫోన్ తీశాడు.

"రేపు మిషన్ దించకురా. ముందు కరెంటు ఆపించి, చేత్తో తవ్వి చూడాలి."

అవతల బావమరిది నిద్రమత్తులో నవ్వాడు. "ఏం బావా, దెయ్యం కనబడిందా?"

"కనబడిందిరా... ఇన్నాళ్లూ ఈ పెట్టె తోస్తున్నది అదే."