మాటకు అడ్డొచ్చిన మీసం

"నాకు వినపడదు," అంది ఆ అమ్మాయి.

అతను వెంటనే సౌండు పెంచాడు. హాల్లో అందరూ చెవులు మూసుకున్నారు, ఆమె తప్ప.

"పెంచారా?" అంది నవ్వాపుకుంటూ.

అతను గర్వంగా తలూపాడు.

ముప్పై ఏళ్ల కిందటి మాట ఇది. గ్రంథాలయంలో నెలకో ఆదివారం సాయంత్రం కథలు చదివేవారు. మైకు సెట్టు అతనిది. పేటంతా అతన్ని మీసాలరాయుడనేవారు. ఆమె పుస్తకాలకు అట్టలు కట్టేది. వేళ్లకు ఎప్పుడూ కాస్త జిగురుండేది.

"ఏడో ఏట జ్వరమొచ్చి రెండు చెవులూ పోయాయి. నేను మాటల్ని చూస్తానండీ, పెదాల మీద. మీరేమో చదివేవాళ్ల నోటికి మైకు అడ్డం పెట్టి, లైట్లు కూడా తీసేస్తారు. అందరూ నవ్వాక, పక్కవాళ్లని చూసి నవ్వుతున్నాను. ఆర్నెల్లు నవ్వాను, ఇక చాలు. వచ్చే నెల నుంచి రాను."

అతనేదో సర్దిచెప్పబోయాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"మీరసలు కనబడరు. మాటంతా మీసం కిందే ఉండిపోతోంది."

మర్నాడే అతను మైకు స్టాండు గడ్డం కిందికి దించాడు. ఒక లైటు తెచ్చి చదివేచోట బిగించాడు.

"మొహమ్మీద ఈ లైటేంటయ్యా, దొంగని పట్టుకున్నట్టు?" అన్నారు కథలు చదివే హెడ్మాస్టారు.

"మీ మాటలు కనబడాలి మాస్టారూ."

"ఆ అమ్మాయి రానందిగా?"

"వస్తేనో?"

చిరిగిన పుస్తకమొకటి అట్ట కట్టమని ఆమెకు పంపాడు. లోపల చీటీ పెట్టాడు: 'ఒక్కసారి వచ్చి చూడండి.'

ఆమె వచ్చింది. మొదటి వరుసలో కూర్చుంది. కథలో మావగారు కాలవలో పడగానే హాలంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. వాళ్లతో పాటే, ఒక్క క్షణం కూడా వెనకపడకుండా.

కథ అయ్యాక మైకు బల్ల కేసి చూసింది. మీసాలరాయుడు లేడు. అతని చొక్కాలో ఎవరో నున్నటి మనిషి నిలబడి ఉన్నాడు.

ఆ మనిషి మైకు ఆపేశాడు. అంత జనం మధ్య, గొంతు పెగల్చకుండా, పెదాలతో అన్నాడు: "రోజూ మీ పక్కన కూర్చుని నవ్వాలనుంది."

"ఇంతమంది ముందా!" అని ఆమె పైకే అరిచేసింది. జనం తిరిగి చూశారు. వాళ్లకేమీ అర్థం కాలేదు.

తేరుకుని, "మా అమ్మనడగండి. ఆవిడకి చెవులు బాగానే పనిచేస్తాయి, సౌండు పెంచక్కర్లేదు," అంది.

ఆమె పోయి ఏడాదవుతోంది. అతనింకా రోజూ పొద్దున్నే అద్దం ముందు నిలబడి పై పెదవి నున్నగా గీసుకుంటాడు. ఇప్పుడు కథలు చదివేది అతనే.

"ఇంక మీసం పెంచుకోవచ్చుగా నాన్నా. నీకెంత ఇష్టమో అమ్మ చెప్పేది," అంది కూతురు.

అతను బ్లేడు కడిగి పక్కన పెట్టాడు.

"మాటల్ని చూసేవాళ్లు మొదటి వరుసలో ఇంకా ముగ్గురున్నారమ్మా," అన్నాడు.